ముందు పరీక్ష, ఆ తర్వాతే మొక్క: ఔషధ మొక్కల పరిశోధనకు దిగే పాలమూరు, నల్లగొండ విద్యార్థులకు ఎంపిక సలహా

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే మహబూబ్‌నగర్, నల్లగొండ కాలేజీల్లో ఫార్మసీ, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం చదివే పిల్లలందరి నోటా ఒకటే ప్రశ్న: "సార్, ఏ మొక్క తీసుకోమంటారు?" ఒకరు తిప్పతీగ అంటారు, ఒకరు తులసి అంటారు, ఇంకొకరు ఇంట్లో నానమ్మ వాడే ఆకు పట్టుకొస్తారు. ఏ జబ్బుకు అంటే మధుమేహమనో క్యాన్సరనో ఠక్కున చెబుతారు. ఆ గుణం ఆ మొక్కలో ఉందని ఎలా కొలుస్తారు అని అడిగితే మాత్రం నోరు పెగలదు.

అందుకే నా సలహా తలకిందులుగా ఉంటుంది. మీరున్న చోట, మీకున్న సామానుతో, ఎన్నిసార్లు చేసినా ఒకే జవాబిచ్చే పరీక్ష ఏదో ముందు తేల్చుకోండి. దానికి తగిన మొక్కను ఆ తర్వాత వెతుక్కోండి. మొక్క మీద ముందే మనసు పడి, పరీక్ష కోసం తర్వాత వెతికేవారు చివరికి డీపీపీహెచ్ అనే రంగు పరీక్ష దగ్గర తేలుతారు. ఊదారంగు ద్రావణంలో ఆకు సారం పోస్తే రంగు వెలిసిపోతుంది, 'యాంటీ ఆక్సిడెంట్ గుణం కలదు' అని రాసి బైండింగ్ చేయిస్తారు. టీ పొడి డికాక్షన్ పోసినా ఆ రంగు వెలిసిపోతుంది. ఆ పరీక్షతో ఏ జబ్బు గురించీ ఏమీ తెలియదు.

మొక్క దగ్గరికి చేరే దారులు

అడవిలో బతికేవారిని అడగడం అన్నిటికన్నా పాత దారి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. మన్ననూరు దాటి లోపలికి వెళితే చెంచు పెంటలు, అంటే వారి గూడేలు వస్తాయి. తేనె, తపసి బంక సేకరించి బతికే చెంచులకు ఏ తీగ ఏ నెలలో చేదెక్కుతుందో, ఏ వేరు ఎండితే పనికిరాదో తెలుసు. కొత్త ఆధారం దొరికే అవకాశం ఈ దారిలోనే ఎక్కువ. ఖర్చు కూడా ఈ దారిలోనే ఎక్కువ, అయితే అది డబ్బు రూపంలో కాదు. నమ్మకం కుదరడానికి కాలం పడుతుంది, అడవిలోకి వెళ్ళడానికి అనుమతి కావాలి, చెప్పినవారికి తిరిగి ఏం దక్కుతుందన్న ప్రశ్నకు మీ దగ్గర సమాధానం ఉండాలి. కేరళలో 1987లో అగస్త్య కొండలెక్కిన శాస్త్రవేత్తలు, తమ వెంట వచ్చిన కాణి గిరిజనులు ఏవో కాయలు నములుతూ అలుపెరగకుండా నడవడం గమనించారు. ఆ మొక్కే ఆరోగ్యపచ్చ. దాని నుంచి 'జీవని' అనే మందు తయారైంది. లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణులకు ఇవ్వాలని నిర్ణయించారు. తర్వాత ఆ ఏర్పాటులో చిక్కులెన్నో వచ్చాయి, కానీ ఒప్పందమంటూ ఒకటి జరిగింది. ఆరు నెలల ప్రాజెక్టు కోసం పెంటకు వెళ్ళి, నలుగురితో మాట్లాడి, పట్టిక గీసుకుని రావడాన్ని నేను ప్రోత్సహించను. పీహెచ్‌డీకి చేరి నాలుగేళ్ళు చేతిలో ఉన్నవారికి మాత్రం ఇంతకు మించిన దారి లేదు.

రెండో దారి పాత గ్రంథాలు. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 2015లో నోబెల్ అందుకున్న చైనా శాస్త్రవేత్త తు యూయూ. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఒక మాచిపత్రి జాతి మొక్కను పిడికెడు తీసుకుని నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. మరిగించమని ఆయన అనలేదు. వేడికే గుణం పోతోందేమోనని ఆమె తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. 1971లో ఆ సారం ఎలుకల్లో మలేరియాను పూర్తిగా అణచింది. అదే ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందుకు దారి తీసింది. ఈ కథను గ్రంథాల గొప్పతనంగా చెబుతారు. నాకు కనిపించేది వేరు: మలేరియా సోకిన ఎలుకల పరీక్ష వారి దగ్గర ముందే సిద్ధంగా ఉంది. వందల మొక్కల సారాలు ఆ పరీక్ష ముందుకు వచ్చి ఓడిపోయాయి. పరీక్ష మారలేదు కాబట్టే గెలిచిన మొక్క గెలిచినట్టు తెలిసింది.

బిళ్ళగన్నేరు కథ ఇంకా విచిత్రం. మధుమేహానికి మంచిదన్న పేరు విని కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు దాన్ని పరీక్షకు తీసుకున్నారు. చక్కెర తగ్గలేదు, ఎలుకల రక్తంలో తెల్లకణాలు మాత్రం పడిపోయాయి. 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటపడింది. ఆ తర్వాత అదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో నేటికీ వాడుకలో ఉంది. మొక్కకున్న పేరునే నమ్ముకుని చక్కెర ఒక్కటే చూసి ఊరుకుంటే ఈ మందు మనకు దక్కేది కాదు.

కంప్యూటర్‌లో డాకింగ్, అంటే మొక్కలోని పదార్థం జబ్బుకు సంబంధించిన ప్రొటీన్‌లో ఎలా అమరుతుందో లెక్కగట్టి చూడటం, దాని గురించి రెండు మాటలు చాలు. లాప్‌టాప్ ఉంటే వారంలో అయిపోతుంది, చూడముచ్చటైన బొమ్మలు వస్తాయి. ప్రయోగశాలలో చేసిన పరీక్షకు తోడుగా ఉంటే మంచిదే. అదొక్కటే ఉంటే అది ఊహ, ఫలితం కాదు.

ఇక మిగిలింది ఇప్పటికే పేరున్న మొక్కను తీసుకుని మళ్ళీ పరీక్షించడం. 'పాతదే కదా' అని గైడ్లు పెదవి విరుస్తారు. నేను దీని పక్షం, ఎందుకో నేలఉసిరి చెబుతుంది. 1988లో మద్రాసు పరిశోధకులు ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో ఒక ఫలితం ప్రచురించారు. హెపటైటిస్ బి వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవారిలో నేలఉసిరి ఇచ్చిన 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్త గుళికలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం తిరిగి రాలేదు. మొక్క మారిందా, నేల మారిందా, కోసిన నెల మారిందా అన్న చర్చ చాలాకాలం సాగింది.

ఆ చర్చ ఎందుకు తెగలేదో తెలియాలంటే వానలు పడ్డాక పొలం గట్టు మీద కాసేపు కూర్చుంటే చాలు. నేలఉసిరి అని మనం పీకే మొక్కలు ఒకే జాతివి కావు. ఫిల్లాంథస్ అమారస్‌లో ఆకు కింద వరుసగా వేలాడే కాయలు నున్నగా, చిన్న కాడతో ఉంటాయి. పక్కనే పెరిగే ఫిల్లాంథస్ యూరినేరియాలో కాయకు కాడ లేనట్టే ఉంటుంది, పైన గరుకుగా పొక్కులు కనిపిస్తాయి. నల్లరేగడిలో నిటారుగా లేచే ఫిల్లాంథస్ మద్రాస్‌పటెన్సిస్‌లో ఆకులు కొస వైపు వెడల్పుగా, మొదలు వైపు సన్నగా ఉండి కాండం చుట్టూ వస్తాయి. మూడింటినీ కలిపి ఎండబెట్టి పొడి చేస్తే ఇక విడదీయలేరు. ఈ మూడింటినీ వేరువేరుగా ఏరి, మూడింటి సారాలనూ పక్కపక్కన పలుచని పొర క్రొమటోగ్రఫీలో (సారంలోని పదార్థాలను పలక మీద విడదీసే పద్ధతి) పరిగెత్తించి, ఫిల్లాంథిన్ అనే పదార్థం ఎందులో ఉందో, మన సంతలో అమ్మే నేలఉసిరి పొడి ఏ జాతితో సరిపోతుందో తేల్చడం ఆరు నెలల్లో అయ్యే పని. ఖర్చు తక్కువ, జవాబు ఖాయం, దాన్ని వైద్యులూ వాడుకోవచ్చు. 'కొత్త మొక్కలో క్యాన్సర్ మందు' అనే శీర్షిక కన్నా దీనికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మన నేల మీది మొక్కలు, ఎదురెదురుగా

మధుమేహానికి తంగేడా, పొడపత్రా? రెండూ మన చుట్టూ దొరుకుతాయి. తంగేడు రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు ముందు పాలమూరు బీడులన్నీ దానితో పసుపెక్కుతాయి. కావలసినంత దొరుకుతుంది, కోస్తే అడిగేవారు లేరు. పరీక్షకు వచ్చేసరికి అదే చిక్కులు పెడుతుంది. తోళ్ళు ఊనడానికి తంగేడు చెక్కను తరతరాలుగా వాడింది అందులోని టానిన్ల వల్లే. టానిన్లు ప్రొటీన్లను పట్టుకుని ముద్ద చేస్తాయి. ఎంజైమ్ కూడా ప్రొటీనే. పిండిపదార్థాన్ని చక్కెరలుగా విరిచే ఆల్ఫా అమైలేజ్ ఎంజైమ్ ఉన్న గొట్టంలో తంగేడు చెక్క సారం పోస్తే ఎంజైమ్ పని ఆగిపోతుంది, విద్యార్థి సంబరపడతాడు. ఆ సారం ఏ ఎంజైమ్‌నైనా అలాగే ఆపుతుందని ఎవరూ చెప్పరు. తంగేడు తీసుకుంటే పాలిఅమైడ్ పొడితో టానిన్లను తీసేసి, ముందూ వెనుకా రెండు సారాలనూ పోల్చండి. తేడా మొత్తం మాయమైతే మీ ఫలితం టానిన్లదే. అదీ రాయదగిన ఫలితమే.

ఇదే చోట ఇంకొక మోసం ఉంది. ఇలాంటిదే మరో ఎంజైమ్ అయిన ఆల్ఫా గ్లూకోసిడేజ్ పరీక్షకు మనవాళ్ళు కొనేది సాధారణంగా ఈస్ట్ నుంచి తీసిన ఎంజైమ్. పోలికకు పెట్టేది అకార్బోస్ అనే మధుమేహ మందు. ఈస్ట్ ఎంజైమ్ మీద అకార్బోస్ సరిగా పనిచేయదు, అది పేగుల్లోని ఎంజైమ్ కోసం ఉన్న మందు. అందుకే 'అకార్బోస్ కన్నా మా సారం బలమైనది' అన్న వాక్యం ఇన్ని థీసిస్‌లలో కనిపిస్తుంది. ఎలుక పేగు నుంచి తీసిన ఎంజైమ్ పొడి అమ్ముతారు, ధర ఎక్కువైనా అదే కొనండి.

పొడపత్రి గుణం కొలవడానికి నాలుక చాలు. ఒక ఆకు నమిలి, కాసేపాగి చక్కెర వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది. జిమ్నెమిక్ ఆమ్లాలు తీపిని గుర్తించే గ్రాహకాలను మూసేస్తాయి, కొంతసేపటికి రుచి తిరిగి వస్తుంది. ఇంత తేటగా కనిపించే గుణం మొక్కల్లో అరుదు. అయితే నాలుక మీద తీపి తెలియకపోవడం వేరు, రక్తంలో చక్కెర తగ్గడం వేరు. మొదటిది మీరు కొలవగలరు: ఏ నెలలో కోసిన ఆకులో గుణం ఎక్కువ, నీడలో ఎండిన ఆకుకూ ఎండలో ఎండిన ఆకుకూ తేడా ఎంత, అడవి తీగకూ పెరటి తీగకూ తేడా ఉందా. ఇతరుల నాలుకలతో చేసేటప్పుడు కాలేజీ నైతిక సంఘం అనుమతి తీసుకోవాలి, అది మరవకండి. రెండోది వైద్యుల పని. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను పొడపత్రి అంటాను.

సీతాఫలం గింజ సంగతి వేరు. బాలానగర్ పేరుతోనే ఒక రకం ఉన్న ప్రాంతం మనది, సీజనులో గుజ్జు తీసే చోట్ల గింజలు గుట్టలుగా మిగులుతాయి. ముడిసరుకు ఉచితం, చెట్టుకు గాయం లేదు. గింజల్లోని అసిటోజెనిన్లు అనే పదార్థాలు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తాయి. గాజు పళ్ళెంలో క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయి, నిజమే. మంచి కణాలూ చస్తాయి. ఈ కుటుంబపు పండ్లనూ ఆకులనూ ఎక్కువగా వాడే కరీబియన్ దీవుల్లో పార్కిన్సన్ లాంటి నరాల జబ్బుతో వీటికి సంబంధం ఉందన్న అనుమానం బలంగా ఉంది. పేలకు గింజల పొడి రాసుకున్నప్పుడు అది కళ్ళలో పడి చూపు దెబ్బతిన్న సంఘటనలూ ఉన్నాయి. కాబట్టి క్యాన్సర్ అన్న మాట పక్కన పెట్టి దోమ లార్వాల మీదో, ధాన్యపు పురుగుల మీదో పరీక్షించండి. అంతకన్నా చవకైనది ఆర్టీమియా పరీక్ష: గుడ్లు కొని ఉప్పునీళ్ళలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో రొయ్య జాతి పిల్లలు పుడతాయి, వేర్వేరు మోతాదుల్లో సారం కలిపి మర్నాడు ఎన్ని చచ్చాయో భూతద్దంతో లెక్కపెట్టడమే. అమెరికాలో ఈ కుటుంబపు అసిటోజెనిన్లను వెలికితీయడంలో ఇదే పరీక్ష దారి చూపించింది. సారాన్ని విడదీసే కాలమ్ అనే నిలువు గొట్టంలో నుంచి దిగే ఒక్కో భాగాన్ని ఈ పిల్లల మీద వేసి చూస్తూ గుణం ఏ భాగంలోకి వెళుతోందో వెంటాడవచ్చు. ఆ వెంటాట నేర్చుకోవడానికి సీతాఫలం గింజను మించిన పాఠం లేదు.

గాడిదగడపాకు, ఈశ్వరి వేరు తెచ్చేవారికి మాత్రం వద్దని చెబుతాను. పాముకాటుకనీ, చర్మరోగాలకనీ వాటికి ఊళ్ళల్లో పేరుంది. రెండూ అరిస్టొలోకియా జాతివే. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, మూత్రనాళ క్యాన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందులో ఈ జాతి మొక్క కలిసి ఎందరో ఆడవాళ్ళ కిడ్నీలు పోయాక ఇది లోకానికి తెలిసింది. వీటి మీద చేయదగిన పని ఒకటుంది: సంతలో అమ్మే మూలికల్లో ఈ ఆమ్లం ఉందో లేదో చూడటం.

నల్లగొండవారికి ఇంకొక ఎంపిక

ఈ జిల్లా జబ్బు ఫ్లోరోసిస్. దానికి మొక్క వెతకాలనుకోవడం సహజం, దాన్ని నేను మెచ్చుకుంటాను. ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో నీళ్ళలోంచి తీసే పద్ధతికి, నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన దానికి, నల్లగొండ పేరే పెట్టారు. మొక్కల వైపు నుంచి ఉన్న గట్టి ఆధారం చింతపండు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వారు బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. 2002లో ఆ ఫలితం అచ్చయింది. పచ్చిపులుసు, చారు లేనిదే ముద్ద దిగని జిల్లాలో ఇది వినడానికి బాగుంటుంది. కానీ దాని అర్థం ఎక్కువ ఫ్లోరైడ్ బయటికి పోయిందని మాత్రమే. వంగిన ఎముక తిన్నబడిందని కాదు.

కొలత వైపు నుంచి చూస్తే ఫ్లోరైడ్ అంత మంచి అంశం మరొకటి లేదు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ముంచితే నిమిషాల్లో అంకె వస్తుంది, నీళ్ళకూ మూత్రానికీ అదే పరికరం. ఉచ్చు మాత్రం ఒకటుంది. ఎలక్ట్రోడ్ విడిగా ఉన్న ఫ్లోరైడ్‌నే చూస్తుంది. చింతపండు రసం పులుపుకు అది హైడ్రోజన్‌తో జతకట్టి ఎలక్ట్రోడ్‌కు కనపడకుండా పోతుంది, నీళ్ళలోనే ఉంటుంది. పటిక నుంచి మిగిలిన అల్యూమినియం కూడా దాన్ని అలాగే దాచేస్తుంది. పులుపును ఒకే స్థాయిలో నిలిపే బఫర్ ద్రావణం కలపకుండా కొలిచి, మునగ గింజో చింతగింజో ఫ్లోరైడ్‌ను తీసేసిందని రాసుకున్నవారు లేకపోలేదు. పీహెచ్ 5 దాటేలా బఫర్ కలిపి, తెలిసినంత ఫ్లోరైడ్ వేసి, వేసినంతా తిరిగి కనిపిస్తోందో లేదో ముందు చూసుకోండి. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. మీ గింజల పొడి బోరునీళ్ళను ఆ అంకె కిందికి తెస్తోందా, తెస్తే ఎంత పొడి పడుతోంది, ఆ నీళ్ళు తాగేలా ఉన్నాయా వాసన వేస్తున్నాయా అన్నవి మూడూ కలిపి రాయాలి. మిషన్ భగీరథ వచ్చాక నది నీళ్ళు అందని చోట్లకే ఈ పని అవసరమన్న సంగతీ అందులో రాయాలి.

నీళ్ళలోనా, మిథనాల్‌లోనా

సారం ఎలా తీయాలన్న దాని మీద పెద్ద చర్చ అక్కర్లేదు. జనం కషాయంగా తాగే మొక్కకు కషాయం, నూరి పిండే మొక్కకు చన్నీటి సారం తప్పనిసరిగా ఒక నమూనాగా ఉంచండి, పక్కన మిథనాల్ సారం పెట్టుకోండి. సాక్స్‌లెట్ అనే సారం తీసే పరికరంలో గంటల తరబడి ఉడికించాక గుణం లేదని తేలితే, తు యూయూ ఈథర్ సంగతి గుర్తుంచుకుని చల్లగా ఒకసారి చూడండి. శుద్ధ పదార్థం దాకా వెళ్ళాలన్న ఆశ డిగ్రీ ప్రాజెక్టులో వద్దు, ఏ భాగంలో గుణం ఉందో చెప్పగలిగితే చాలు. అణు నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ లాంటి పరీక్షలు తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) వంటి చోట్ల సాధ్యం. సాగు, ఔషధ మొక్కల రకాల గురించి అడగాలంటే బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) కేంద్రం ఉంది. పాలమూరు విశ్వవిద్యాలయంలోనో, నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో చదివేవారికి ఇవి బస్సు దూరమే.

ఇంతకూ ఎవరు దేన్ని తీసుకోవాలి? ఆరు నెలలుంటే, క్రొమటోగ్రఫీ పలకలు తప్ప ఏమీ లేకపోతే నేలఉసిరి. కాలమ్ నడపడం నేర్చుకోవాలనుంటే సీతాఫలం గింజ. ఎలక్ట్రోడ్ దొరికితే, అందునా మీది మర్రిగూడ వైపు అయితే ఫ్లోరైడ్. ఎంజైమ్‌లు కొనే డబ్బుండి, ఓపిక కూడా ఉంటే తంగేడు. నాలుగేళ్ళుంటే అమ్రాబాద్. జంతువుల మీద పరీక్షలు మొదటి ప్రాజెక్టులో ఎవరికీ వద్దు. అనుమతి కోసం పడే తిప్పలను పక్కన పెట్టినా, గొట్టంలో నిలవని గుణం కోసం ఎలుకలను చంపడం అన్యాయం.

ఏది తీసుకున్నా పూత, కాయ ఉన్న కొమ్మను ఒత్తి ఎండబెట్టి, కోసిన చోటు, తేదీ రాసి, హైదరాబాద్‌లోని భారతీయ వృక్ష సర్వేక్షణ దక్కన్ కేంద్రంలో గానీ విశ్వవిద్యాలయ హెర్బేరియంలో (ఎండిన మొక్కల భాండారంలో) గానీ పేరు ఖరారు చేయించుకోండి. చదువు కోసం చేసే పరిశోధనకు భారతీయ విద్యార్థికి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి అక్కర్లేదు. నమూనాలు విదేశాలకు పంపాలన్నా, పేటెంటు కావాలన్నా ఆ సంస్థ గడప తొక్కక తప్పదు. అభయారణ్యంలోంచి ఆకు కోయాలన్నా అటవీశాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. అది రావడానికి నెలలు పట్టవచ్చు. దరఖాస్తు పెట్టి, ఆ లోపు పొలం గట్టు మీద దొరికే మొక్కతో మీ పరీక్షను సరిచేసుకోండి.